హున్‌లాఫ్ నడికట్టు బిళ్ళ

ఏటి ఒడ్డున హున్‌లాఫ్ సమాధి దిబ్బ ఉంది. చీకటి పడ్డాక మా ఊరివాళ్లు ఆ దారిన పోరు. తప్పక పోయినవాళ్లంతా చెప్పేది ఒకటే మాట — లోపల ఎవరో నములుతున్నారని.

ఈ సంగతి మా అవ్వ చెప్పింది. ఆమెకు కంసాలి దుద్దాయే చెప్పాడట.

హున్‌లాఫ్ పోయినప్పుడు, అతనితో పూడ్చడానికి నడికట్టుకు బంగారు బిళ్ళ చేసింది దుద్దా. బిళ్ళ నిండా మృగాలు... పాముల్లా మెలికలు తిరిగి, ఒకదాని కాలు ఇంకొకటి, దాని నడుము మరొకటి కరుచుకుని ఉంటాయి. మా కంసాళ్లకు ఒక కట్టుబాటుంది. ఏ మృగం నోరూ ఖాళీగా వదలకూడదు. ఖాళీ నోటికి ఆకలేస్తుంది.

శవం ఆగదు కదా! తొందరలో దుద్దా ఒక నోరు వదిలేశాడు. మూలనున్న చిన్నదే. మట్టిలో ఎవరు చూస్తారులే అనుకున్నాడు.

కొన్నాళ్లకు నమలడం మొదలైంది.

"హున్‌లాఫ్ లేచాడు," అన్నాడు ఊరిపెద్ద వెర్మండ్. "రేపు తవ్వి, తల నరికి కాళ్ల మధ్య పెడదాం. ఇక లేవకుండా పడుంటాడు."

హున్‌లాఫ్ భార్య ఎబ్బా ఊరుకోలేదు. "బతికుండగా ఆయన మాట ఎవరూ వినలేదు. చచ్చాకైనా తలకాయ మెడమీద ఉండనీయండయ్యా!"

ఇప్పుడూ ఎవరూ వినలేదు. ఎబ్బా దుద్దా కొలిమి దగ్గరకొచ్చి కూలబడింది.

"తల లేకుండా పైలోకంలో వాళ్ల నాన్న దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని పోతాడు, దుద్దన్నా?"

దుద్దా అసలు సంగతి చెప్పలేదు. "రేపటికి చప్పుడుండదులే, అమ్మా," అన్నాడంతే. ఉలి, సుత్తి, కాగడా తీసుకుని ఆ రాత్రే వెళ్లాడు.

దిబ్బ పక్కన కన్నం. లోపల్నుంచి... కరకర... కరకర...

కాగడా లోపలికి పెట్టాడు. రెండు కళ్లు మెరిశాయి —

నక్క!

అతని భుజం మీదుగా దూకి రెల్లులో పడి పారిపోయింది. హున్‌లాఫ్‌కు దారిబత్తెంగా పెట్టిన పంది తొడ సగం కొరికి ఉంది. దుద్దా కడుపుబ్బ నవ్వుకున్నాడు. వచ్చిన పని గుర్తొచ్చి, కన్నం పెద్దది చేసుకుని లోపలికి దూరాడు.

తెల్లారేసరికి కుక్కలు నక్కను పట్టుకొచ్చి ఊరి మధ్య పడేశాయి. దిబ్బలో నమిలింది ఇదేనని దుద్దా చెప్పాడు. వెర్మండ్ దాన్ని కాలితో తిరగేసి పకపకా నవ్వాడు.

"నువ్వు నక్క తోక తొక్కావురా, దుద్దా! ఒక తలకాయ దక్కించావ్." మళ్లీ వంగి చూశాడు. "ఇంతకీ... దీని తోకేదిరా?"

తోక మొదలంటా లేదు.

"ఉచ్చులో తెగి ఉంటుంది," అని ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

ఎబ్బా కళ్లు తుడుచుకుంది. "లోపలికెళ్లి ఏం చేశావన్నా?"

"ఏం లేదమ్మా. చెయ్యడానికి పని మిగల్లేదు."

బిళ్ళ మూలనున్న నోరు అప్పటికే నిండుగా ఉందట. బంగారు పళ్ల సందున ఎర్రటి వెంట్రుకలు.

అందుకే పిల్లలకు చెబుతుంటాను: పని సగంలో వదలకండర్రా, మిగతా సగం ఇంకెవరో పూర్తి చేస్తారు.

ఆ తర్వాత చాలాకాలం దిబ్బలో చప్పుడు లేదు. కానీ ఒక్క తోక... ఎన్నాళ్లని వస్తుంది?