కబురు ఎవరికి చెప్పాలి

భర్త మారయ్య చీరల దుకాణానికీ, కొడుకు శ్రీధర్ ధర్నాకీ వెళ్ళిపోయాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. రాజేశ్వరమ్మ గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, పదిన్నరకు టీ పెట్టింది. చేయి అలవాటుగా రెండు గ్లాసుల నీళ్ళు పోసింది. టీ మరిగాక గరిటె అందుకుని, పొయ్యి పక్కన గోడను ఆనుకుని పై వాటాకు వెళ్ళే నీళ్ళ పైపు మీద కొట్టబోయి ఆగిపోయింది. పైన ఎవరున్నారని?

ఆంధ్ర వైపు నుంచి వచ్చి పై వాటాలో పద్నాలుగేళ్ళు కిరాయికున్న గంగాధరరావు, సుమిత్రమ్మ నెల కిందట ఖాళీ చేసి మియాపూర్ వెళ్ళారు. కూతురి ఇంటికి దగ్గరగా ఉంటుందని చెప్పారు. వీళ్ళుండే కొత్తపేట ఊరికి ఈ కొస, మియాపూర్ ఆ కొస. మామూలు రోజుల్లోనే రెండు బస్సులు మారాలి. ఇప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, అసలు బస్సులే డిపో దాటడం లేదు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మోత ఆగిపోయి, మిట్టమధ్యాహ్నం కూడా గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఎక్కువైన టీని ఆమె సింకులో పారబోయలేక, చల్లారినదాన్నే పన్నెండింటికి తాగింది.

పైపు మీద కొట్టడం పోయిన ఏడాది శ్రావణంలో మొదలైంది. బాత్రూంలో కాలు జారి మోచేయి పగిలిన రోజున ఆమె వంటింటి దాకా పాకి, నేల మీద కూర్చునే గరిటెతో పైపును బాదింది. ఆ చప్పుడుకు సుమిత్రమ్మ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఆటో పిలిచింది, దవాఖానకు తీసుకెళ్ళింది, కట్టు కట్టేంతసేపూ రెండో చేయి పట్టుకుని కూర్చుంది. చేయి బాగయ్యాక ఆ చప్పుడు వాళ్ళిద్దరి కబురైపోయింది. రెండు దెబ్బలు కొడితే టీ అయిందని. మూడు కొడితే టీవీ పెట్టమని.

అట్లా ఒకనాడు టీవీ పెట్టినప్పుడే గోవా కనిపించింది. పడవ వెనక తాడు, తాడు చివర రంగుల గొడుగు, గొడుగు కింద ఇద్దరు ఆడవాళ్ళు సముద్రం మీద తేలిపోతున్నారు. "వదినా, మనమూ ఎగురుదామా?" అంది సుమిత్రమ్మ. వచ్చే డిసెంబరుకని కాలనీ మహిళా మండలి గోవా యాత్ర పెట్టినప్పుడు ఇరవై మందిలో ఎగురుతామన్నది వీళ్ళిద్దరే. గంగాధరరావు బీమా ఏజెంటు. మామూలు పాలసీ ఎగురుడుకు పనికిరాదని, అడ్వెంచర్ స్పోర్ట్స్ రక్షణ కలిపిన ఫారం తెచ్చాడు. అందులో ఉన్న ఆటల జాబితాను ఇద్దరూ టీ తాగుతూ చదివారు.

"బంగీ జంపింగ్ అంటే ఏంది వదినా?"

"కాళ్ళకు తాడు కట్టి తలకిందులుగా వదిలేస్తారంట."

"మా అత్తగారింట్ల ఇరవై ఏండ్లు జేసిన. దానికి గూడ బీమా ఉండెనా!"

ఆ రోజు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం మెట్ల మీద ఒక మాట దొర్లింది. పది రోజులకు పై వాటా ఖాళీ అయింది. అప్పటి నుంచి ఇటు వైపు నుంచి ఫోను లేదు, అటు వైపు నుంచీ లేదు.

*

ఆ మధ్యాహ్నం తండ్రీకొడుకులు అన్నం తింటుండగా గేటు చప్పుడైంది.

"బావగారూ, లోపలికి రావచ్చా?"

గుమ్మం బయట గంగాధరరావు చెప్పులు విడుస్తున్నాడు. పద్నాలుగేళ్ళలో ఆయన ఎన్నడూ అట్లా అడిగి రాలేదు.

"అదేంది రావుసాబ్, గట్లడుగుతరు! రాండ్రి, రెండు ముద్దలు తిందురు" అన్నాడు మారయ్య లేవబోతూ.

"లేవకండి, భోంచేసే బయల్దేరాను. ఇంత దూరం స్కూటర్ మీద వచ్చేసరికి నడుం పడిపోయింది. చెల్లెమ్మతో చిన్న పని." కుర్చీ అంచు మీద కూర్చుని సంచిలోంచి కాగితాలు తీశాడు. "మీ గోవా పాలసీ ఆఫీసువాళ్ళు తిప్పి పంపారమ్మా. ఎగురుడు రక్షణ గురించి పేచీ లేదు. ఇదిగో, ఇక్కడ. ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చెయ్యాలి అన్న గడిలో నువ్వేమో మా ఆవిడ నంబరు రాశావు. ఆవిడేమో నీ నంబరు రాసింది. ఇద్దరూ ఒకే తాడుకి వేలాడతారు. ఆ తాడు కాస్తా తెగితే సముద్రంలోంచి ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు తల్లీ?"

ఆయన నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "తప్పు నాదే. ముప్పై ఏళ్ళుగా పాలసీలు రాస్తున్నాను. సంతకాలు చూశాను గానీ ఆ గడి చూడలేదు."

"వదిన మార్చిందా అన్నయ్యా?" రాజేశ్వరమ్మ గొంతు ఆమెకే చిన్నగా వినిపించింది.

"ఎక్కడమ్మా! వదిన మారిస్తే మారుస్తాను, లేకపోతే నా గడి జోలికి రావద్దంటోంది. ఎల్లుండిలోగా పంపాలి. మీరే ఏదో ఒకటి తేల్చుకోండి." ఇద్దరి ఫారాలూ బల్ల మీద పెట్టి లేచాడు. వెళ్ళేటప్పుడు శ్రీధర్ భుజం తట్టబోయి, ఎందుకో చేయి వెనక్కి తీసుకున్నాడు. శ్రీధర్ కంచంలోంచి తలెత్తలేదు.

స్కూటర్ చప్పుడు సందు మలుపు దాటాక మారయ్య చేయి కడుక్కుని, అద్దాలు పెట్టుకుని ఫారం చదివాడు.

"ఎగురుడేంది? గోవల గుడులు చూసొస్తనన్నవ్ కద."

"గుడులు చూస్త. ఎగురుత గూడ."

"యాభై మూడేండ్లకా?"

"అండ్ల అరవై ఐదు దాక రాసుంది. కిందికి చదువు."

"సరే, అది ఇడ్సిపెట్టు." మారయ్య ఆ గడి మీద వేలు పెట్టాడు. "ఇంట్ల మొగడున్నడు. ఎదిగిన కొడుకున్నడు. నీకేమన్న అయితే గా మియాపూరామెకు చెప్పాల్నా? రావుసాబ్ ముంగట నా ఇజ్జత్ ఏముంది? మొగడు సచ్చినోళ్ళు రాస్తరు గిట్ల పక్కింటోళ్ళ నంబర్లు!"

"నీకు చెప్తె ఎత్తుతవా?"

"ఏంది?"

"ఫోను."

మారయ్య ఫారం కింద పెట్టాడు. రాజేశ్వరమ్మ కంచాలు తీయడానికి వంగినదల్లా వాటిని అక్కడే వదిలి కుర్చీలో కూర్చుంది. వాళ్ళిద్దరూ ఉన్న బల్ల దగ్గర ఆమె కూర్చోవడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

"పోయినేడు శ్రావణంల నేను పడ్డనాడు నీకు నాలుగుసార్లు జేసిన. మూడుసార్లు కట్ చేసినవ్. నాలుగోసారి ఎత్తి, పెండ్లి గిరాకి ఉన్నది, సతాయించకు అని పెట్టేసినవ్. నేను నోరు తెరిచేలోపట్నే."

"నాకేం తెలుసు? పడ్డవని నాకు..."

"ఎట్ల తెలుస్తది? చెప్పనిస్తే గద."

"అమ్మా, మరి నాకు చెయ్యకపోయినవా?" అన్నాడు శ్రీధర్.

"నీకు గూడ జేసిన బిడ్డా. నినాదాలు ఇనబడ్డయ్. హలో హలో అన్నవ్. మళ్ళ జేస్తనన్నవ్. అటెన్క ఫోన్ల పైసలు అయిపోయినయ్. ఇగ ఏంజెయ్యాలె? గరిటె దొరికింది, పైపు కొట్టిన." ఆమె గొంతు పెరగలేదు. రాత్రికి ఏ కూర వండాలో అడిగినట్టే ఉంది. "సాయంత్రం మీరిద్దరు ఒచ్చేసరికి కట్టు గూడ అయిపోయింది. ఎట్ల పడ్డవని అడిగిండ్రు. ఎవరు తీసుకపోయిండ్రని అడిగిండ్రు. మాకెందుకు చెయ్యలేదని మాత్రం ఎవ్వరు అడగలే. నేనూ చెప్పలే. గా ఫారంల ఆ గడి కాడికి ఒచ్చేసరికి, నాకు ఇంకో నంబరు యాదికి రాలే. మిమ్ముల బద్నాం చేద్దామని రాయలేదయ్యా. నిజంగనే యాదికి రాలే."

మారయ్య జేబులోంచి సెల్లు తీసి చూశాడు, ఆ నాలుగు పిలుపులు ఇంకా అందులోనే ఉన్నట్టు. 

"పై వాటా అత్తమ్మ వాళ్ళు నా వల్లనే పోయిండ్రు కదమ్మా" అన్నాడు శ్రీధర్ కంచం పక్కకు జరిపి. "ఆనాడు మెట్ల మీద మామను 'మూటముల్లె ఎప్పుడు సదురుతరు' అన్న. నవ్వుకుంటనే అన్ననమ్మా. మన రాష్ట్రం మనకు రావాలె గని, అత్తమ్మ పోవాల్నని నేనెన్నడన్న అనుకున్ననా?"

"నువ్వు నవ్వుకుంట అన్నవ్. నేను గీ తలుపు ఎన్క నిలవడి అన్ని ఇన్న." ఆమె మెట్ల వైపు తలుపు చూపించింది. "మామ గట్లనే నిలవడ్డడు. పైన వదిన గూడ ఇన్నది. ఆమె గాజుల చప్పుడు నాకు ఇనబడ్డది. అదేం మాట బిడ్డా అని నేను ఒక్క మాటంటె సరిపోతుండె. అనలే. నన్ను లేపి నిలబెట్టిన మనిషి ఆమె. నా ఫోను మీరు ఎత్తలేదని ఏడుస్తున్న గని, ఆమెకు నేను జేసింది ఏంది?"

మారయ్య పెన్ను తీశాడు. "తే, నా నంబరు నేనే రాస్త."

"ఉండు." ఆమె కాగితం మీద అరచేయి పెట్టింది. "ఆమె ముంగట రాస్త. ఆమెను అడగకుండ ఆమె పేరు కొట్టెయ్య." కొంగుతో ముఖం తుడుచుకుని, ఫారాలు సంచిలో పెట్టుకుని కొడుకు వైపు తిరిగింది. "బండి తియ్యి."

*

మలక్‌పేట దాటి, కోఠి దాటి, ఖాళీ రోడ్ల మీద బండి సాగింది. ఆగి ఉన్న బస్సులు, మూసిన ఆఫీసులు, అక్కడక్కడా టెంట్ల కింద దీక్షలో కూర్చున్నవాళ్ళు. రాజేశ్వరమ్మ కొడుకు భుజం గట్టిగా పట్టుకుంది. వాణ్ణి ఇట్లా తాకి ఎన్నేళ్ళయిందో లెక్క తేలలేదు. చెవుల్లో గాలి హోరుమంటుంటే, ఎగిరేటప్పుడు ఇంతకన్నా ఎక్కువ ఉంటుందా అనుకుంది. వెంటనే, వదిన తలుపు తీయకపోతేనో అనుకుంది.

సుమిత్రమ్మ తలుపు తీసింది. నెల రోజుల్లో చిక్కిపోయింది. గడప అవతల ఒకరు, ఇవతల ఒకరు నిలబడ్డారు.

"రా వదినా" అంది చివరికి. మనిషి మాత్రం ఆగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. గంగాధరరావు దారిలో ఇంకెవరి పాలసీకో ఆగినట్టున్నాడు, ఇంకా ఇల్లు చేరలేదు.

ముందు గదిలో పాత సోఫాయే ఉంది, కొత్త గోడల మధ్య. దాని మీద ఎప్పుడూ కాళ్ళు ముడుచుకుని కూర్చునే రాజేశ్వరమ్మ, పెళ్ళిచూపులకు వచ్చిన దూరపు బంధువులా అంచున కూర్చుంది.  ఆలస్యంగా వచ్చాను, అంతా అయిపోయింది అనుకుంది. శ్రీధర్ లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తమ్మా, ఆనాడు మెట్ల మీద నేనన్న మాట..."

"నువ్వన్నందుకు కాదురా. నీ నోటి దురుసు నాకు చిన్నప్పటి నుంచి తెలీదూ? మీ అమ్మ పలుకుతుందేమోనని చూశాను, అంతే." పొయ్యి వెలిగించిన చప్పుడైంది. "పై అరలో గ్లాసులున్నాయి, అందుకో."

"తప్పయింది వదినా" అంది రాజేశ్వరమ్మ సోఫా మీద నుంచే. అంతకంటే పెద్ద మాట దొరకలేదు.

 కొద్దిసేపటికి వంటింట్లోంచి చప్పుడు వినిపించింది. గరిటెతో పైపు మీద రెండు దెబ్బలు.

టీ తాగుతున్నంతసేపూ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తర్వాత సుమిత్రమ్మ తన ఫారం తీసుకుని, రాజేశ్వరమ్మ నంబరు కొట్టేసి కూతురి నంబరు రాసింది. పెన్ను ఇటు జరిపింది. "నువ్వెవరిది రాస్తావు?"

"ఆయనది."

"రాసేముందు ఒకసారి మోగించి చూడు. పలకని నంబరు రాస్తే మళ్ళీ తిప్పి పంపుతారు."

అది ఎత్తిపొడుపో వేళాకోళమో తెలియలేదు. రాజేశ్వరమ్మ నంబరు నొక్కింది. ఒకసారి మోగింది. రెండోసారి. దసరా ముందు రోజులు, ఈ పొద్దులో దుకాణం నిండా మనుషులుంటారు. మూడోసారి మోగుతుంటే సెల్లు చెవి దగ్గర నుంచి తీసేయబోయింది.

"చెప్పు రాజేశ్వరి."

వెనక ఎవరో ఆవిడ ఇదే చీర మెరూన్‌లో లేదా అని అడుగుతోంది.

"ఏం లేదు. నంబరు కలుస్తదో లేదోనని."

"కలిసింది కద." తర్వాత అటు తిరిగి, "జర ఆగుండ్రమ్మా, ఇంటికాడి ఫోను" అనడం వినిపించింది. మళ్ళీ ఇటు. "చెప్పు. ఉన్న."

చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆయన దగ్గరా లేదు. మెరూన్ చీర ఆవిడ మళ్ళీ అడిగింది. మారయ్య ఫోను పెట్టేయలేదు. ఆయన ఊపిరి వింటూ రాజేశ్వరమ్మ పెన్ను పట్టుకుని ఆ గడి మీదికి వంగింది. అంకెలు మసకబారాయి. ఒక చుక్క కాగితం మీద పడింది.

సుమిత్రమ్మ చప్పున కొంగుతో అద్దింది. "గడి తడిపేస్తున్నావు వదినా, జరుగు" అంటూ తన కళ్ళు కూడా ఆ కొంగుతోనే తుడుచుకుంది.