పెరటి గడప మీది ఎరుపు

చిలుకమ్మ మట్టెవాడలోని డిటెక్టివ్ ఆఫీసు మేడ మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే రెండు అరచేతులూ చాపింది.

“పొద్దుగాలంత చేన్ల సున్నం సల్లిన మేడం. చేతులు మండాలె గద. మండుతలేవు. నా సున్నం ఎవలో మార్చిండ్రు.”

ప్రైవేటు డిటెక్టివ్ రాజేశ్వరి ఆ చేతులను తిప్పి చూసింది. కాజీపేట రైల్వేలో రిటైరై ఆమె దగ్గర సహాయకుడిగా చేరిన హరికృష్ణ, మంచినీళ్ళందించి వివరాలడిగాడు.

నర్సంపేట దగ్గర చిలుకమ్మకు పత్తి చేను ఉంది. భర్త పోయాక తానే సాగు చేస్తోంది. పైరు ఎదగడం లేదని మట్టి పరీక్ష చేయిస్తే, నేలలో ఆమ్లం ఎక్కువైందని, ఎకరాకు ఇంత సున్నం కలపాలని లెక్కగట్టి చెప్పారు. ఈ వానాకాలం కూడా పంట పోతే చేను మరిది మహిపాల్‌కు అప్పగించాలని పెద్దమనిషి రాజమల్లు తీర్పు చెప్పాడు.

“ఒప్పుకున్న,” అంది చిలుకమ్మ. “పంట తీస్తనని ఒప్పుకున్న.”

గురువారం ఓంప్రకాశ్ దుకాణంలో పొడి సున్నం కొని ఇంట్లో పెట్టింది. శుక్రవారం గడపలకు పసుపు రాసి, తాళంచెవి తోడికోడలు, అంటే మహిపాల్ భార్య, పూలమ్మకిచ్చి, దవాఖానలో ఉన్న తల్లి దగ్గరికి వెళ్ళింది. ఆదివారం రాత్రి తిరిగొచ్చి, తెల్లారగానే ముందు వాకిట్లోంచి బస్తాలు చేనికి తోలించింది.

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ ఊరు చేరారు. షావుకారి మోసమేనని మహిపాల్ అప్పటికే వాకిట్లో తేల్చేశాడు. మిగతావాళ్ళ చూపు మాత్రం తాళంచెవి ఉంచుకున్న పూలమ్మ మీద ఉంది. రాజేశ్వరి నేరుగా పెరటి తలుపు దగ్గరికి నడిచింది. గడప పసుపు మీద బస్తా వెడల్పున ఎర్రటి చార. జల్లుకు కుంకుమ కారిందనుకున్నాడు హరికృష్ణ. పైన చూరు ఉంది, కుంకుమ బొట్లు చెక్కుచెదరలేదు. పెరడు దాటితే మహిపాల్ పశువుల కొట్టం. శుక్రవారం తర్వాత ఈ తలుపు తీశావా అని రాజేశ్వరి అడిగితే, తీయలేదంది చిలుకమ్మ.

ఓంప్రకాశ్‌ను కూడా పిలిపించి, అందరినీ వాకిట్లో కూర్చోబెట్టింది రాజేశ్వరి. రెండు చిప్పల్లో తడి పసుపు పెట్టించింది. అతను తెచ్చిన దుకాణం సున్నం చిటికెడు వేస్తే మొదటిది పారాణిలా ఎర్రబడింది. చిలుకమ్మ చేన్లో చల్లాక మిగిలిన పొడి వేస్తే రెండోది పచ్చగానే ఉంది.

“ఇది పల్లి చేనుకు వేసే జిప్సం. తెల్లగానే ఉంటుంది, ఆమ్లాన్ని మాత్రం తగ్గించదు. ఇంట్లోకొచ్చింది అసలు సున్నమే, లేకపోతే గడప ఎర్రబడేది కాదు. పసుపు రాశాక పెరటి దారిన బయటికి పోయింది. ఓంప్రకాశ్‌కు సంబంధం లేదు.”

“అయితే పూలమ్మనే,” అన్నాడు రాజమల్లు.

“గడపకు పసుపు రాసే మనిషి ఆ ఎరుపు చూస్తే సున్నమని ఇట్టే పోల్చుకుంటుంది. మళ్ళీ ఇంత పసుపు పూసి దాన్ని మాయం చేస్తుంది. ఎన్నడూ గడపకు పసుపు రాయనివాడే అట్లా వదిలేస్తాడు. మీ ఇంట్లో తాళంచెవి ఎక్కడ పెడతారు, పూలమ్మా?”

“దూలం మొలకు తగిలిస్తం,” అంది పూలమ్మ మొగుణ్ణే చూస్తూ. “మొన్న పల్లికి తెచ్చిన జిప్సం సంచులు కొట్టంల కనవడుతలేవంటే, నీకెందుకే అన్నడు.”

హరికృష్ణ తాను కుంకుమనుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. మహిపాల్ తల వంచుకుని, “ఆడోళ్ళకు ఎవుసమేంది?” అని గొణిగాడు.

ఇంటి ముచ్చట, సర్దుకొమ్మన్నాడు రాజమల్లు.

“సర్దుకోను,” అంది చిలుకమ్మ. “చేను నాది, ఎవుసం నేనే జేస్త. ఊరందరి ముంగట జెప్తున్న.”

పూలమ్మ అప్పటికే కొట్టంలోకి నడిచి గడ్డి లాగేసింది. కింద సున్నం బస్తాలు. వెనకాలే వచ్చి మహిపాల్ చెయ్యి వేయబోయాడు.

“నువ్వు ముట్టకు,” అంది పూలమ్మ. “అక్కా, ఆ కొన పట్టు.”