పసుపు తాగని రాయి

"ఏడో నంబరు రాయి మీద ఎవరి చెయ్యీ పడకూడదు. అంతే నీ పని."

ఇరవై రెండు రోజుల కిందట బేగంపేట ఆఫీసులో ఇంటెలిజెన్స్ చీఫ్ రామభద్రరావు ఇచ్చిన బ్రీఫింగ్ అది. సౌరవిద్యుత్తుతో తీసిన హైడ్రోజన్‌ను నేల అడుగున ఇసుకరాయి రంధ్రాల్లో నిల్వ చేసే ప్రాజెక్టు. ఆ పొర నుంచి తవ్వి తీసిన నమూనాల్లో ఏడో నంబరే కీలకం. అది గ్యాసును పీల్చుకుంటేనే ప్రాజెక్టు. లేదంటే ట్యాంకులు అమ్ముకునే విదేశీ ముఠాకి పండగ.

అప్పట్నుంచీ ఏజెంట్ యోగిత మౌలాలి ల్యాబ్ క్యాంటీన్లో 'సుబ్బులు' పేరుతో కప్పులు కడుగుతోంది. ఇంట్లో అంట్లు, ఇక్కడా అంట్లే. జూకాలో దాచిన వైర్‌లెస్ చీఫ్ గొంతు కంటే రైల్వే అనౌన్స్‌మెంట్లనే బాగా పట్టుకుంటోంది. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి కబుర్లందించే డబుల్ ఏజెంట్ డాక్టర్ శ్రీలేఖ మాత్రం పట్టుచీర నలగకుండా ల్యాబంతా తిరుగుతూ, రోజూ 'ఆల్ క్లియర్' పంపుతోంది.

ఇవాళ పదకొండుకి పరీక్ష. పదీ నలభైకి యోగిత టీ పట్టుకెళ్తే స్టోర్‌కీపర్ జంగయ్య గుడ్డ పట్టుకుని గొణుగుతున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"మొన్న ఆయుధపూజకు మిషన్లకు, రాళ్లకు సుత బొట్లు వెట్టిన బిడ్డా. సార్లు ఒక్కటే తిట్టుడు. తుడుస్తే పోతలేదు, రాళ్లన్నీ పసుపు తాగినయ్. గీ ఏడో నంబరొక్కటే సాఫ్‌గ వచ్చింది. గిదేందని అడిగితే ఎవ్వడు ఇంటలేడు."

యోగిత ఆ రాయికేసి వంగి చూసింది. రంధ్రాలున్న రాయి తడి పసుపును పీల్చుకుని తీరాలి. పీల్చలేదంటే, అది ఏడో నంబరు కాదు. పూజకి ముందే మార్చేశారు.

మూలకెళ్లి జూకా నొక్కింది. "సార్, రాయి మారింది. టెస్టు ఆపండి."

"ఆధారం?"

"బొట్టు."

"ఏంటమ్మా నువ్వు! శ్రీలేఖ క్లియర్ అంది. నీ అనుమానమేదో రాసి పంపు, చూద్దాం."

ఆపైన జూకాలో సికింద్రాబాద్ వెళ్లే రైలు మూడో ప్లాట్‌ఫాం మీదకి వచ్చింది. యోగిత పళ్లు కొరుక్కుంది.

పదీ యాభై ఏడు. పరీక్ష గదిలో దొంగ రాయిని స్టీలు గొట్టంలోకి ఎక్కించారు. సైంటిస్టు హేమచంద్ర చెయ్యి గ్యాసు వాల్వు మీద ఉంది.

"సుబ్బులూ, గ్లాసు మంచినీళ్లు," అంది శ్రీలేఖ. బ్యాగులోంచి ఆవిడ స్టీలు వాటర్ బాటిల్ తొంగిచూస్తోంది.

అప్పుడు తట్టింది యోగితకి. నాలుగు రోజులుగా బాటిల్ మోస్తూ, నీళ్లు మాత్రం తననే అడుగుతోంది. ఆ గ్లాసులన్నీ కడిగింది తనేగా!

"బాటిల్ ఇవ్వండి మేడమ్, నింపి తెస్తాను."

"అక్కర్లేదు!"

యోగిత లాక్కోబోయింది. శ్రీలేఖ లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన సూది మెరిసింది. ఇరవై రెండు రోజుల కోపమంతా కూడగట్టుకుని యోగిత ట్రే ఊపింది. కప్పులు పగిలాయి, సూది ఎగిరిపోయింది, బాటిల్ మూత ఊడి అసలు రాయి హేమచంద్ర కాళ్ల దగ్గరికి దొర్లింది. ఆయన వాల్వు మీది చెయ్యి తీసేశాడు.

అసలు రాయి గ్యాసును హాయిగా పీల్చుకుంది. దాన్ని కొనడానికొచ్చిన ముఠా మనిషి ఆ సాయంత్రమే బేగంపేట హోటల్లో దొరికాడు.

"అదృష్టం," అన్నాడు హేమచంద్ర. "మిగతావన్నీ పసుపుతో పాడయ్యాయి. బాటిల్లో ఉండబట్టి ఈ ఒక్కటే శుభ్రంగా మిగిలింది."

రిపోర్టు ఫారంలో 'నమూనాను భద్రపరచిన వారు' అన్న గడి దగ్గర యోగిత పెన్ను ఆగింది. ఒళ్లు మండింది. అయినా నిజమే రాసింది: డాక్టర్ శ్రీలేఖ.