కునుకు లేని చినరాజా

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! మనుషుల నీడలు బెదిరిన పిల్లుల్లా కాళ్ల కిందికి ముడుచుకునే ఘోరఘడియ! దూరంగా ఉదయగిరి దుర్గం నెత్తిన కారుమబ్బు మహిషంలా కదలకుండా నిలబడింది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. చినదుర్గం కోటలో కూలిన బురుజు సందులోంచి పట్టపగలే గుడ్లగూబ కూసింది... మళ్లీ కూసింది... మళ్లీ!

వరదమ్మ తల ఎత్తలేదు. గుడ్లగూబకు భయపడే ఓపిక కూడా ఆమెలో మిగల్లేదు. కోటలో బట్టలుతికే మనిషి ఆమె. చినరాజాకు పాలిచ్చి, పక్కలో వేసుకుని పెంచిందీ ఆమే. మంచం పక్కన కూర్చుని తడిగుడ్డతో బిడ్డ అరికాళ్లు తుడుస్తోంది. బయట రాళ్లు పగిలే ఎండ. ఆ అరికాళ్లు మాత్రం బావి అడుగులా చల్లగా ఉన్నాయి.

"వరదమ్మా... నిద్దరొస్తాండాది."

"పడుకో నాయనా."

"కండ్లు మూతబడలా. నువ్వన్నా మూయవే."

ఆమె అరచెయ్యి కప్పింది. చేతికింద ఆ రెప్పలు కదల్లేదు. చెయ్యి తీసేసరికి అవే కళ్లు... విప్పారి, తడి ఆరిపోయి, దూలాలకేసి చూస్తున్నాయి!

ఆ చినరాజా నరసింహరాయలు, రాజ్యం లేని రాజ్యానికి వారసుడు. జమీందారీలు రద్దయి, శిస్తులు పోయి, కోటకు మిగిలింది కారే కప్పు, తుప్పు కత్తులు, ఈ పసివాడు. పుట్టుకతోనే గుండెజబ్బు. నాలుగడుగులు నడిస్తే పెదాలు నీలమయ్యేవి. ఆత్మకూరు డాక్టరు పరీక్షించి, తల నిమిరి పంపేశాడు. నిజానికి మొన్న ఉగాదినాడే ఆ ఊపిరి ఆగిపోయింది. రాణి సుబ్బరత్నమ్మ నేలమీద పడి దొర్లింది. మొగుడు లేడు. ఈ కొడుకూ పోతే దాయాదులు ఆమెను గడప దాటించేవాళ్లే. ఆ ఏడుపులో ప్రేమ ఎంతో, భయం ఎంతో ఆమెకే తెలియదు. అడవిలోని మాంత్రికుడు ఓబులయ్యకు కబురు పెట్టింది.

వాడు వచ్చాడు. మంచం నాలుగు మూలలా ఇనుపమేకులు దిగ్గొట్టాడు. తలాపున ఒక పసిపిల్లవాడి కపాలం పెట్టి మంత్రం చదివాడు. పోయిన ఊపిరి తిరిగివచ్చింది... కానీ ఆకలి రాలేదు. నిద్ర రాలేదు! అప్పటినుంచి బిడ్డకు కునుకు లేదు. వరదమ్మకూ లేదు.

తలుపు కిర్రుమంది. ఓబులయ్య! ఎర్రగుడ్డ, విభూతి, వేపాకు నూరిన కంపు. వెనకాల కొంగు నెత్తిన కప్పుకుని రాణి.

"ఏందే వరదా, ఇంకా తుడస్తానే ఉండావా? తుడిస్తే పోయే జబ్బా అది?"

"నీ మంత్రానికి పోయిందా ఏంది? ఊరగాయ పెట్టినట్టు పెట్టినావు బిడ్డను!"

"నోరు మూసుకో! ఈపొద్దుతో పూర్తిచేస్తాను. ఇంక చావనేదే ఉండదు వీడికి."

నల్లకోడి నెత్తురు కలిపిన పసుపుతో కపాలం చుట్టూ ముగ్గు వేశాడు. నిమ్మకాయలు కోశాడు. భీకరబీజాక్షరాలు ఆ గదిలో కందిరీగల్లా ముసిరాయి! దుర్గం మీద ఉరుము దొర్లింది.

"అమ్మా, దేవతను పిలిచినాను. ఆకలిమీద ఉండాది. ఈ బిడ్డ ప్రాణాన్ని పుర్రెలో కట్టేస్తాను. కన్నతల్లివి, నీ నోటితో ఇచ్చినానని చెప్పు."

రాణి కొడుకును చూడలేదు. గోడను చూస్తూ అంది: "ఇచ్చినాను."

ఫెళ్లున పిడుగు! రాణి విల్లులా వెనక్కి వంగింది. జుట్టు విడిపోయి నేల ఊడ్చింది. ఆమె గొంతులోంచి వేయి కాకులు అరిచినట్టు ఒక రుద్రఘోష...

"దొంగసొత్తు!! తవుడుకు అమ్ముకున్న బిడ్డను నాకు పెడతావంటరా?"

ఓబులయ్య చేతిలోని కత్తి జారింది.

వరదమ్మకు గుర్తొచ్చింది. నిజమే! రాణికి అంతకుముందు పుట్టినవాళ్లెవరూ పురిటిగది దాటలేదు. అందుకని మృత్యువు కన్నుగప్పడానికి, పెద్దలు ఈ బిడ్డను చేటలో పడుకోబెట్టి, దిడ్డివాకిట్లో వరదమ్మకు దోసెడు తవుడుకు అమ్మారు. తవుటయ్య అని మారుపేరు పెట్టారు. ఆచారం ప్రకారం పురిటిస్నానం కాగానే తల్లి వచ్చి అడిగి, బిడ్డను తిరిగి పుచ్చుకోవాలి. బట్టలుతికేదాని ముందు చెయ్యి చాపడం రాణికి నామోషీ అయింది. ఆ తంతు జరగనే లేదు. కోటంతా మరిచింది... పిలిచిన దేవత మరవలేదు!

ఓబులయ్య గొంతు తేనెలో ముంచినట్టు మారిపోయింది.

"వరదమ్మా... తల్లీ! ఐతే నువ్వే ఈయాల. ఒక్కమాట చెప్పు చాలు. నీ కండ్లముందర ఎప్పటికీ ఉంటాడు. లేదంటే... ఈ నిమిషమే పోతాడు!"

వరదమ్మ బిడ్డ ముఖంలోకి చూసింది. ఎప్పటికీ! పొద్దున్నే లేచి ఆ ముఖం చూసుకోవచ్చు. ఉంటే చాలదా? నోరు తెరిచింది కూడా...

మంచం మీంచి సన్నగా, అలిసిపోయిన గొంతు.

"అమ్మా... ఇయ్యబాకే."

ఎప్పుడూ వరదమ్మా అనేవాడు. అమ్మా అన్నాడు.

ఆమె లేచింది. మేకుల హద్దు దాటి, ఆ చల్లని శరీరాన్ని రెండు చేతులా ఎత్తుకుంది.

"ఇయ్యను. నా బిడ్డ. పోతే నా ఒళ్లో పోతాడు. నీ పుర్రెలోకి రాడు, పోరా!"

నేలలోని మేకులు కిర్రుమంటూ వాటంతటవే పైకి లేచాయి! ఓబులయ్య పరిగెత్తబోయాడు... కాలు రాలేదు. మిట్టమధ్యాహ్నం కాళ్లకింద దాక్కున్న వాడి నీడ నాగుబాములా సాగింది. మేకులు దూసుకొచ్చి ఆ నీడలో దిగాయి!

"వద్దు! తల్లీ! నేను పిలిచినోణ్ణి... నీ బిడ్డనే!!"

పిలిచిన నోరే ఆకలికి అన్నమైంది. కప్పు చీల్చుకుని దిగిన పిడుగు ఎండిపోయిన కట్టెలా వాణ్ణి నిలువునా కాల్చింది. కపాలం పెటిల్లున పగిలింది. అందులోంచి పేరు తెలియని ఏ పసిప్రాణమో నిట్టూర్చి వెళ్లిపోయింది.

వాన మొదలైంది. కప్పులోంచి కారి పసుపుముగ్గును కడిగేస్తోంది.

వరదమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. ఒళ్లో బిడ్డ ఒకసారి ఆవలించాడు. రెప్పలు మెల్లగా వాలాయి. గుండె మీద ఆమె పెట్టిన చెయ్యి కింద చివరి స్పందనలు దూరమయ్యే బండిచప్పుడులా సన్నబడి... ఆగిపోయాయి. ఆమె ఏడవలేదు. ఏడవడానికి తర్వాత చాలా కాలం ఉంది.

పూనకం దిగిన రాణి తడినేల మీద పాక్కుంటూ దగ్గరికొచ్చింది. ఆ ముఖంలో రాజ్యం లేదు, దాయాదుల భయం లేదు.

"వరదమ్మా... ఒక్కసారి నాకియ్యవా?"

వరదమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది.

"కాళ్లు చాపుకో తల్లీ. మెడ కింద చెయ్యి పెట్టు... అట్ట కాదు. ఇట్టా."