బేరీజు

"బెండకాయ కూర చెయ్యనా, బంగాళాదుంప చెయ్యనా?" వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది అత్తగారు.

"మీ ఇష్టం అత్తయ్యా," అంది కోడలు తలెత్తకుండా. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ ప్రశ్నకు ఆమె జవాబు అదే.

ఆమె ముందు, భోజనాల బల్ల మీద, తిరిగొచ్చిన వ్యాసం ఉంది. పసిపిల్లల సంరక్షణ కోర్సులో ఆఖరిది. అడుగున టీచరమ్మ ఎర్ర సిరాతో రాసింది: "వివరణ చక్కగా ఉంది. బేరీజు ఎక్కడ?" సాయంత్రంలోగా మళ్ళీ రాసి ఇవ్వకపోతే కోర్సు పోయినట్టే. దాంతోపాటు శిశు కేంద్రంలో ఇస్తామన్న ఉద్యోగమూ పోయినట్టే.

భర్త బస్సు డ్రైవరు. యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ ఆమె భుజం మీంచి తొంగిచూసి ప్రశ్న చదివాడు. "'పసిపిల్లలను నిద్రపుచ్చే రెండు పద్ధతులను బేరీజు వేయండి.' మరి రెండింటి గురించీ రాశావుగా? కాళ్ళ మీద వేసుకుని ఊపడం, పక్కమీద పడుకోబెట్టి జోకొట్టడం. ఇంకేం కావాలంట ఆవిడకి?"

"వివరించమంటే ఎలా చేస్తారో చెబితే చాలు. పోల్చమంటే తేడాలు చెప్పాలి. బేరీజు వేయమంటే ఏది మేలో తేల్చాలి, ఎందుకో చెప్పాలి."

"తేల్చెయ్. దానికింత ఆలోచనెందుకు?"

అత్తగారు అప్పటికే హాల్లో కాళ్ళు బారజాపుకుని, మనవరాలిని వాటి మీద వేసుకుని ఊపుతోంది. కోడలి చూపు అటు వెళ్ళడం చూసి ఆ కాళ్ళు ఆగాయి.

"నావైపు చూస్తావేంటమ్మా? నేనేమన్నా నీ నోరు నొక్కానా?"

"లేదత్తయ్యా. మొన్న బుజ్జిదాన్ని పక్కమీద పడుకోబెడితే, పసిదాన్ని మూటలా పడేసిందని పక్కింటావిడతో అన్నారు. అప్పట్నుంచీ ఏది మేలో రాయడానికి నాకు చెయ్యి ఆడట్లేదు."

"పొద్దున్నే ఇదంతా ఎందుకు?" విసుక్కున్నాడు భర్త. "అంత కష్టమైతే మానెయ్. ఇల్లు గడవట్లేదా?"

"మానను." ఆమె వ్యాసాన్ని దగ్గరికి లాక్కుంది. "ఊపితే త్వరగా నిద్రపోతారు, నిజమే. కిందికి దించగానే లేస్తారు. కేంద్రంలో అంతమంది పిల్లల్ని ఎవరి కాళ్ళ మీద వెయ్యగలం? పక్కమీద జోకొట్టడమే మేలు. మనింట్లోనూ అదే మేలు. అత్తయ్య మోకాళ్ళు వాచిపోతున్నాయి, పైకి చెప్పరు."

అత్తగారు పిల్లను ఎత్తుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. భర్త మూసిన తలుపు వంకా, భార్య వంకా చూసి, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

కోడలు పెన్ను తీసి, నోటితో అన్నదంతా కాగితం మీద పెట్టింది. ఆఖరి పేరాలో ఉండగా గదిలోంచి ఏడుపు వినిపించింది. ఎంతకీ తగ్గకపోతే లేచి వెళ్ళింది.

బుజ్జిది మంచం మీద గుక్కపెట్టి ఏడుస్తోంది. అత్తగారు పక్కన కుర్చీ వేసుకుని జోకొడుతోంది.

"ఎత్తుకోలేదు. నీ పద్ధతే. ఆపుతోందేమో చూడు. ఇదీ రాసుకో, లేకపోతే ఒకవైపే మాట్లాడావంటుంది మీ టీచరు."

"రాస్తాను. పిల్లలకి ఒంట్లో బాగోనప్పుడు మీ పద్ధతే మేలని ఇప్పుడే రాశానత్తయ్యా."

జోకొడుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"మీ ఆయన్ని పెంచేటప్పుడు ఏది మేలని నన్నెవరూ అడగలేదే," అంది అత్తగారు. "మా అత్తగారు చెప్పింది, నేను చేశాను. నేనూ నిన్ను అడగలేదు."

కోడలు వచ్చి మంచం అంచున కూర్చుంది. ఏడుపు వెక్కిళ్ళై, వెక్కిళ్ళు తగ్గి, బుజ్జిది నాయనమ్మ వేలు పట్టుకునే నిద్రపోయింది.

వేలు కదలకుండా, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ గుసగుసగా అడిగింది అత్తగారు. "ఇంతకీ కూరేం చెయ్యను?"

"బెండకాయ."

"ఎందుకో?"

"లేతగా ఉన్నాయి. రేపటికి వాడిపోతాయి. దుంపలకేం తొందర?"

"నాకేమో దుంపలే తినాలనుంది," అంది అత్తగారు. కాస్త ఆలోచించి, "సరే, అవి రేపు" అంది.