వెయ్యి ఊపిరుల ఆటపెట్టె

మిట్టమధ్యాహ్నానికి ఇంకా కాసేపే ఉంది...

దయ్యాలు అర్ధరాత్రి మాత్రమే తిరుగుతాయని చెప్పినవాడెవడో మే నెలలో అనంతపురం జిల్లాకు వచ్చి ఉండడు! ఇక్కడ అర్ధరాత్రి జనమంతా ఆరుబయట మంచాలు వేసుకుని గాలి కోసం మేలుకుని ఉంటారు. పాపం, దయ్యాలకు చోటేది? అవి పగలే తిరగాలి. నడినెత్తి మీద సూర్యుడు నిప్పులు చెరిగే వేళ... కాకి కూడా నోరు తెరుచుకుని చూరు కింద నక్కే వేళ... మనిషి నీడ మనిషికే భయపడి పాదాల కిందికి ముడుచుకుపోయే వేళ... ఈ నేల మీద అదే పిశాచ ముహూర్తం!

అది 2007. ఊరు బుక్కరాయసముద్రం. పేరులో సముద్రం... చెరువులో పగుళ్ళు! బోర్లు వేసీ వేసీ రైతులు బోర్లా పడ్డారు. వేరు దారి లేక వేరుశెనగ వేసినవాళ్ళకు వేరూ దక్కలేదు, శెనగా దక్కలేదు. ఉరుములకు మాత్రం కరువు లేదు. గుడగుడ... గుడగుడ... ఖాళీ బిందెను మెట్ల మీద దొర్లించినట్టు చినుకు లేని ఉరుము!

ఆ ఉరుముల కింద, రోడ్డు పక్కన, రేకుల కప్పు వేసిన ఒక టీవీ రిపేరు షాపులో... ఒక స్త్రీ ప్రాణం కరెంటు తీగ మీద వేలాడుతోంది!

ఆమె పేరు అంజలి. బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. పెదవులు కదలడం లేదు, కానీ ఆమె కంఠకుహరంలోంచి ఒక వికృత నాదం వెలువడుతోంది... టిటి టీ... టిటి టీ... పాత వీడియోగేముల పాట! ఆమె బొటనవేళ్ళు రెండూ గాలిలో లేని బటన్లను నొక్కుతున్నాయి!

ఎదురుగా టీవీ. టీవీ ముందు నేల మీద ఆమె భర్త జోయల్. అతని చేతిలో జాయ్‌స్టిక్. జాయ్ ఎప్పుడో పోయింది, స్టిక్కు మిగిలింది!

తెర మీద ఎర్రటి నేల. ఆ నేల మీద చిలకపచ్చ చీర కట్టిన ఒక చిన్న బొమ్మ పరుగెత్తుతోంది. అంజలి కట్టుకున్నదీ అదే చీర! దారి పొడవునా నోళ్ళు తెరిచిన ఎండు బోరు గుంతలు. బొమ్మ గుంత అంచున తడబడిన ప్రతిసారీ బల్ల మీద అంజలి ఎగశ్వాస పీలుస్తోంది. బొమ్మ పడిందా... అంజలి లేదు!

రాత్రి నుంచీ జోయల్ ఆడుతూనే ఉన్నాడు. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆ బొబ్బలు చితికి బటన్లు జిగురెక్కాయి. వదలడానికి లేదు... ఆపడానికి లేదు...

ఈ ఘోరం నిన్న రాత్రి, ఒక ఊదుతో మొదలైంది!

* * *

తొంభైల చివర్లో జోయల్ ఇదే రేకుల కింద వీడియోగేముల షాపు నడిపేవాడు. క్యాసెట్టు అట్ట మీద తొమ్మిదివేల చిల్లర ఆటలని రాసి ఉండేది. లోపల ఉండేవి ఐదు! ఆ ఐదింటిలోనూ జోయల్‌ను చిత్తుగా ఓడించిన ఏకైక మనిషి అంజలి. ఆటలో ఓడినవాడు ప్రేమలో పడ్డాడు, పడ్డవాడు పెళ్ళిలో లేచాడు. తరువాత ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చి ఆటల షాపు ఆట కట్టింది. జోయల్ టీవీలు బాగుచేసుకుంటూ మిగిలాడు.

మూడు వారాల కిందట గుమ్మఘట్ట వైపు నుంచి వీరప్ప వచ్చాడు.

ఏమని వర్ణించను ఆ కరాళమూర్తిని! బూడిద పూసిన నుదురు... తుమ్మ మొద్దులాంటి మెడ... రెప్ప వేయడం మరిచిన నేత్రద్వయం! చంకలో గోనెసంచి. సంచిలోంచి పుర్రె తీస్తాడేమోనని జోయల్ వెనక్కి జరిగాడు. వీరప్ప తీసింది వీడియోగేము పెట్టె! పసుపెక్కిన పాత ప్లాస్టిక్కు డిప్ప. నెత్తిన క్యాసెట్టు కూరేసి ఉంది.

"ఏమప్పా జోయలూ, పై డిప్ప అట్లే ఉండల్ల. లోపల కొత్త కంప్యూటరు పెట్టల్ల. వెయ్యి ఆటలు పట్టల్ల. అయితాదా?"

"ఎందుకు గాదు సామీ! ఈ వయసులో నువ్వు ఆడుతావా?"

"ఆడేది నేనుగాదులే" అన్నాడు వీరప్ప. "ఆడించేది నేను. ఇంగొకటి... ఈ క్యాసెట్టు పారేయాకు. దాన్నీ కలపల్ల."

పని మీద ప్రేమ మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుంది. జోయల్ స్క్రూలు విప్పాడు. పాత బోర్డు పీకాడు. డిప్ప లోపలి గోడలు వేడి బ్లేడుతో కోసి, బెంగుళూరు నుంచి తెప్పించిన జానెడు కంప్యూటర్ బోర్డును ఒక ఇనుప పళ్ళెం మీద బిగించి ఇరికించాడు. జాయ్‌స్టిక్ తీగలను విరిగిన కీబోర్డులోని సర్క్యూటుకు టంకం వేశాడు. ఖాళీ డిప్పను దీపానికి ఎదురుగా పట్టుకుంటే జాయ్‌స్టిక్ గుచ్చే రెండు రంధ్రాలు... రెండు కనుగుంతలు! క్యాసెట్టు దూర్చే చీలిక... నోరు! అది పుర్రె అని జోయల్‌కు తట్టలేదు. అతని బుర్ర అప్పటికే అందులో ఉంది!

నిన్న రాత్రికి అంతా బిగించాడు. క్యాసెట్టు మాత్రం ఎక్కలేదు. అన్నం క్యారియరు తెచ్చిన అంజలి నవ్వింది.

"ఏమప్పా, అన్నీ మరిసినావా? ఇటియ్యి!"

ఆ రోజుల్లో క్యాసెట్టు ఎక్కకపోతే ఈ జిల్లాలో పిల్లా పెద్దా చేసే పని ఒక్కటే. తీసి, అడుగున ఉఫ్‌ఫ్ మని ఊది, మళ్ళీ పెట్టడం! దానికి డాక్టరు లేడు, మందు లేదు, ఊదే గతి. అంజలి క్యాసెట్టును పెదవులకు ఆనించి ఊదింది...

ఊదితే... ఊది రాలింది!

నల్లటి చితాభస్మం! అందులో కాలిన వెంట్రుకల ముద్ద! పెట్టె దానంతటదే వెలిగింది. టీవీ భగ్గుమంది. అంజలి "అమ్మా..." అని కూలిపోయింది. తెర మీద చిలకపచ్చ చీర పరుగు మొదలుపెట్టింది!

* * *

"పెండ్లాం ఊపిరి అట్లే లోపలికి పోయింది కదప్పా!"

తెల్లవారేసరికి వీరప్ప వాకిట్లో నిలబడి పళ్ళికిలించాడు.

"ఊపిర్లు పెడితే పుర్రెలు ఈ ఎండకు పగిలిపోతాండాయి. ప్లాస్టిక్కు పగలదు. నీ కంప్యూటర్లో వెయ్యి ఆటలు పడతాయంటివే, వెయ్యి ఊపిర్లు పట్టవా? క్యాసెట్టులో శానా మందిని దాచినా. తలుపు తెరిచేదానికి బతికినోళ్ళ ఊపిరి ఒగటి కావల్ల. ఊదకుండా క్యాసెట్టు పెట్టినోన్ని నువ్వెప్పుడన్నా చూసినావా?"

జోయల్ జాయ్‌స్టిక్ వదలకుండానే మోకాళ్ళ మీద వాలాడు. "సామీ! నా ఊపిరి తీసుకో. దాన్ని ఇడిసిపెట్టు. నీ కాళ్ళు మొక్కుతా!"

"మొదుట ఊదినోళ్ళదే తాళంచెవి. నువ్వాడతా ఉండు. పగలు పన్నెండుకు కరెంటు తీస్తారు కదా, అప్పుడు దాని ఊపిరి మొత్తం నాది. అంతలోపల నువ్వు గుంతలో పడేసినా నాదే!"

ఎండాకాలమంతా అదే వరస. సరిగ్గా పన్నెండుకు కరెంటు పోతుంది. అందరికీ కోత... అంజలికి ఊచకోత! షాపులో ఉన్న ఒక్క యూపీఎస్ బ్యాటరీ ఎండకు ఉబ్బి ఎప్పుడో చచ్చింది.

పెట్టె నుంచి ఒక పచ్చ వైరు బయలుదేరి, వెనక తలుపు గుండా పెరట్లోకి పోయి, నేలలో దిగేసిన ఇనుప గొట్టానికి చుట్టుకుని ఉంది. వీరప్ప దాన్ని చూశాడు.

"ఇదేందిరా?"

"నేలకు కట్టినాము సామీ."

"బాగుంది. నేను కట్టేదీ నేలకే!"

వాడు ఆ గొట్టం మొదట్లో పద్మాసనం వేశాడు. తనకూ పెట్టెకూ నడుమ ఒక పేగు ఉండాలంటూ, పచ్చ వైరును ఒలిచి తన మణికట్టుకు కంకణంలా చుట్టుకున్నాడు. సంచి విప్పి గొట్టం చుట్టూ ఉన్న గుంతలో శ్మశానపు బొగ్గులు పోశాడు. వాటి మీద రాళ్ళుప్పు కుమ్మరించాడు. హ్రీం... హ్రూం... అంటూ మొదలుపెట్టాడు. వాడిది మంత్రం, జోయల్‌ది తంత్రి, నడుమ నడిచేది కుతంత్రం!

* * *

పన్నెండు కావస్తోంది...

గాలి స్తంభించింది. రేకులు కాలి టక్కు టక్కుమంటున్నాయి. తెర మీద గుంతలు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. ఒకటి... వెంటనే రెండోది! జోయల్ బొటనవేలు జారింది. చిలకపచ్చ బొమ్మ అంచును పట్టుకుని వేలాడింది. బల్ల మీద అంజలి విల్లులా వంగింది!

"ఎగురే... ఎగురు అంజలీ!" జోయల్ గావుకేక పెట్టాడు. బొమ్మ పైకి పాకింది. అంజలి ముక్కుపుటాలు అదిరాయి. ప్రాణం ఉంది... దారమంత ఉంది...

అప్పుడే అంజలి తల్లి చిన్నక్క వగర్చుకుంటూ వచ్చింది. నెత్తిన ఒక బిందె. ట్యాంకరు దగ్గర పక్కింటి గంగక్కతో జుట్లు పట్టుకుని గెలిచిన ఒకే ఒక్క బిందె!

"నాయనా, బిడ్డ నోరు పిడచకట్టిపోతాంది. నాలుగు సుక్కలు పోస్తా..."

ఆమె బల్ల వైపు నడుస్తుండగా జోయల్ మోచేయి పెట్టె స్క్రూకు తగిలింది. సుర్రుమంది! రాత్రి నుంచీ కొడుతూనే ఉంది. ఇప్పుడు భుజం దాకా జివ్వుమంది. ఇనుప పళ్ళెం నిండా కరెంటు... పోయే దారి లేక పెట్టెలోనే బుసలు కొడుతోంది!

దారి ఎందుకు లేదు? పచ్చ వైరు ఉంది కదా... నేలలో గొట్టం ఉంది కదా...

జోయల్ తల తిప్పి పెరట్లోకి చూశాడు. గుంత! ఎర్తు గుంత! ఎండాకాలం వస్తే దానిలో ఇంత ఉప్పు, ఇంత బొగ్గు వేసి బిందెడు నీళ్ళు పోయడం ఈ ఊళ్ళో ప్రతి ఇల్లూ చేసే పని. నేల తడిగా ఉంటేనే దారితప్పిన కరెంటు నేలలోకి దిగుతుంది. నాలుగేళ్ళ కరువులో తాగడానికే నీళ్ళు లేకపోతే గుంతకెవరు పోస్తారు? నేల మూగదైపోయింది. పెట్టెలో పడింది పెట్టెలోనే చిక్కుకుంది... కరెంటైనా... ఊపిరైనా!

గుంతలో ఉప్పు ఎవడు వేశాడు? వీరప్ప! బొగ్గు ఎవడు వేశాడు? వీరప్ప! వైరు చేతికి చుట్టుకున్నదెవడు? వీరప్ప!

"అత్తా!! నీళ్ళు ఎర్తు గుంతలో పొయ్యి!"

"నీకేమన్నా పిచ్చా! నా బిడ్డ గొంతు ఎండుతాంటే మంటికి పొయ్యమంటావా? ఇంగ సుక్క నీళ్ళు లేవురా!"

"నేల గొంతు తడిస్తేనే దీని గొంతు తడుస్తాది! నేను ఇది ఇడిసి రాలేను! నీ కాళ్ళు మొక్కుతా... పొయ్యత్తా!"

చిన్నక్క బిందె వంక చూసింది. నల్లబడుతున్న కూతురి పెదవుల వంక చూసింది. ఆ ఒక్క క్షణంలో ఆ తల్లి గుండె ఎన్ని వ్రక్కలైందో ఎవరు లెక్కించగలరు! మరుక్షణం పెరట్లోకి ఉరికింది.

"యేసయ్యా... నేలతల్లీ... ఎవురో ఒగరు పలకండి!"

వీరప్ప కళ్ళు తెరిచి వికటాట్టహాసం చేశాడు. "ఏమ్మా, నన్ను సల్లబరిసేదానికి వచ్చినావా? నీళ్ళకు దయ్యాలు పోతాయా!"

"నీ పాడె కట్ట! నీకుగాదురా, మా నేలకు!"

దబ్బున బిందె బోర్లించింది!

ఒక్క బిందెడు నీళ్ళు. ఉప్పు కరిగింది. బొగ్గు పీల్చింది. ఆ తడి గొట్టం వెంట కిందికి... ఇంకా కిందికి... నాలుగేళ్ళుగా గుక్క ఎరుగని పాతాళం దాకా దిగింది. నేల గుటక వేసిన చప్పుడు వినిపించింది! ఆ వెంటనే నేలంతా ఒక్క నోరై... పీల్చింది!

ఫెళఫెళారావం! ఆకాశంలో ఉరిమిందో, భూగర్భంలో ఉరిమిందో! పెట్టెలోంచి నీలాగ్ని పచ్చ వైరు వెంట సర్పంలా పరుగెత్తింది. కంకణం కొలిమైంది. వీరప్ప లేవబోయాడు... లేవలేకపోయాడు! పద్మాసనం వేసిన కాళ్ళు గుంతకు అతుక్కుపోయాయి. క్యాసెట్టులో దాచిన, ఒళ్ళు లేని ఊపిర్లన్నీ ఒకదాని వెనక ఒకటి వాడి దేహంలోంచే దారి చేసుకుంటూ నేలతల్లి ఒడిలోకి దూకుతున్నాయి. పోతూ పోతూ ప్రతి ఊపిరీ వాడి ఊపిరిలో ఒక ముక్క పట్టుకుపోతోంది!

"ఇడిసిపెట్టండి... నన్ను... ఇడిసి... ఆఆఆ...!!"

అరుపు ఎండలో ఆవిరైపోయింది. గుంత పక్కన మనిషి ఆకారంలో బూడిద ఒక్క లిప్త కూర్చుంది. ఎక్కణ్ణించో చిన్న గాలి వచ్చి, క్యాసెట్టు మీద ఊదినట్టు... ఉఫ్‌ఫ్ మంది.

అందరినీ ఆడించినవాడి ఆట కట్టింది!

సరిగ్గా అప్పుడే... కరెంటు పోయింది.

తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. జోయల్ చేతిలోంచి జాయ్‌స్టిక్ జారిపడింది. అతనికి తల తిప్పే ధైర్యం లేదు. చిన్నక్క ఖాళీ బిందెను గుండెకు అదుముకుని గడపలో నిలబడిపోయింది. ఇద్దరూ చెవులు రిక్కించారు. రేకుల టక్కు టక్కు తప్ప మరో శబ్దం లేదు...

లేదు...

లేదు...

హుఫ్‌ఫ్ మని ఒక ఊపిరి... ఒళ్ళున్న ఊపిరి ఒంట్లోకే తిరిగొచ్చింది! వెంటనే దగ్గు. ఆ వెంటనే సన్నటి గొంతు.

"మా... నీళ్ళు..."

చిన్నక్క బిందెలోకి చూసి బావురుమంది. ఉన్నది మొత్తం నేల తాగేసింది! అరుపులు విని వచ్చిన గంగక్క వాకిట్లో నిలబడి, బల్ల మీది అంజలినీ, పెరట్లో బూడిదనూ, చిన్నక్క బిందెనూ మార్చి మార్చి చూసింది. పొద్దున పీకించుకున్న జుట్టు ఇంకా ముడివేసుకోలేదు. వెనక్కి వెళ్ళి ఒక నిండు చెంబుతో వచ్చింది.

"పట్టుకో. నీ మింద కోపం ఇంగా పోలేదు. బిడ్డకు పొయ్యి."

అంజలి గుక్క గుక్కకూ ఆగి తాగింది. కళ్ళలోకి చూపు వచ్చింది. చుట్టూ చూసింది. జోయల్ ఆమె పాదాలు పట్టుకుని చిన్నపిల్లవాడిలా వెక్కుతున్నాడు. రక్తం కారుతున్న అతని బొటనవేళ్ళను తన అరచేతుల్లోకి తీసుకుంది. వాటి జిగురును తన కొంగుతో తుడిచింది.

తరువాత అంది. "ఆ జంట గుంతల కాడ అంత నిదానంగానా ఎగిరిచ్చేది? పానం పోతాంటే కింద నుంచి అరస్తానే ఉన్నా... నీకు ఆడేది ఎప్పుడొస్తాదప్పా!"