పక్కన కూసుంటే చాలు

ఆ ఆదివారం మధ్యాహ్నం కిషన్ అన్న ఫోన్ చేసేసరికి నేను ఒక్కదాన్నే అన్నం తింటున్నాను. మా ఆయన తాబిష్‌కు ఇక్కడికి దగ్గర్లోని జైపూర్ పవర్ ప్లాంటులో డ్యూటీ. ఇంట్లో ఉన్నా నిద్రలోనే ఉంటాడు. గోదావరిఖనిలో నాతో మాట్లాడేవాళ్లంటే వెబ్‌సైట్లు చేయించుకునేవాళ్లే.

కిషన్ అన్న రక్తదాతల సంఘం నడుపుతాడు. రక్తం కావలసినవాళ్లు నేను చేసిచ్చిన వెబ్‌సైట్లో ఫారం నింపితే ఆయన దాతను పంపిస్తాడు. శుక్రవారం నుంచి ఒక్క ఫారం కూడా రాలేదన్నాడు. నేను ఫోన్లో ఒకటి నింపి చూశాను. 'ధన్యవాదాలు, మీకు ఫోన్ చేస్తాం' అని వచ్చింది. లోపల మాత్రం ఏమీ చేరలేదు. అంటే అడిగినవాళ్లంతా ఫోన్ వస్తుందనే ఎదురుచూస్తూ ఉంటారు. చెయ్యి కడుక్కుని ఆఫీసుకు బయలుదేరాను.

లక్ష్మీనగర్లో ఒక కాంప్లెక్సు పైన నా ఆఫీసు గది. కింద షట్టర్లన్నీ వేసి ఉన్నాయి. వాన మబ్బు కమ్మి మధ్యాహ్నమే చీకటి పడినట్టుంది. ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ అద్దాలు అదిరాయి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

వెబ్‌సైట్లో ఫారాలు తీసుకునే ప్లగిన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. మిగతా ప్లగిన్లు ఒక్కొక్కటే ఆపి చూశాను. లాభం లేకపోయింది. చివరికి తప్పులన్నీ నమోదయ్యే ఎర్రర్ లాగ్‌లో కారణం దొరికింది. శుక్రవారం ప్లగిన్ దానంతటదే అప్‌డేట్ అయింది. కొత్త వర్షన్‌కు కావలసిన ఒక కాలమ్ డేటాబేసులో లేదు. అందుకే వచ్చిన ప్రతి ఫారాన్నీ పారేస్తోంది. పారేసినవి ఇక దొరకవు. ఆ కాలమ్ చేర్చి, పేరు దగ్గర 'టెస్ట్' అని కొట్టి పంపాను.

సేవ్ అయింది. కానీ పేరు దగ్గర 'సారవ్వ' అని ఉంది. దవాఖాన పేరు, దాని కింద ఒక మాట.

'రక్తం ఇగ వద్దు బిడ్డా. ఎవలన్న వచ్చి పక్కన కూసుంటే చాలు.'

సరిగ్గా అప్పుడే ఎవరో పంపి ఉంటారనుకుని కిషన్ అన్నకు చెప్పాను. ఆయన దవాఖానలో కనుక్కుని మళ్లీ ఫోన్ చేశాడు. సారవ్వ శనివారం పొద్దున్నే చనిపోయిందట. వెంట ఎవరూ లేరు. పక్క మంచం వాళ్లు తమ ఫోన్లో ఫారం నింపి పెడితే, ఆ ఫోన్ అడిగి తీసుకుని ఎవరైనా చేస్తారని రాత్రంతా చేతిలోనే పట్టుకుందట.

"నువ్వు ఇంటికి పో చెల్లె," అన్నాడు కిషన్ అన్న, గొంతు తగ్గించి.

ఆ ఫారం ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చిందో చూశాను.

నా గదిదే.

అప్పుడు వాసన తెలిసింది. స్పిరిట్... తడి దూది... ఫ్యాన్ తిరుగుతున్నా చెదరని వాసన. తెర మీద ఇంకో ఫారం చేరింది. దానికి పేరు లేదు.

'నువ్వు గూడ ఒక్కదానివే గద.'

లేవబోయాను. వీపు వెనక ఊపిరి... సన్నగా, ఎగపోస్తూ... తిరిగి చూడలేదు. ఎదుటి గోడనే చూస్తూ మెల్లగా అన్నాను.

"కూసో అవ్వా. నేనున్న."

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఆ ఊపిరి పలచబడుతూ... పలచబడుతూ... ఆగిపోయింది. వాసన కూడా పోయింది. పెద్దపల్లి నుంచి ఒక ఫారం వచ్చింది. తర్వాత బెల్లంపల్లి నుంచి ఇంకొకటి. ఇద్దరికీ కిషన్ అన్న ఫోన్ చేశాడు. ఇద్దరూ బతికున్నవాళ్లే.

ఇల్లు చేరాను. తాబిష్ ఇంకా రాలేదు. సాయంత్రం మగ్రిబ్ నమాజుకు ముందు మొహం, చేతులు కడుక్కుని వజూ చేసుకుందామని కుర్తా చేతులు పైకి మడిచాను. ఎడమ మోచేతి మడతలో దూది ముక్క, దాని మీద అడ్డంగా తెల్లటి ప్లాస్టర్.

నేను ఎన్నడూ ఎవరికీ రక్తం ఇచ్చింది లేదు.

దూది తీసి చూశాను. సూది గుచ్చిన చోటు ఇంకా తడిగానే ఉంది.